చిన్నల్లుడు తీసిన ఫోటో

చిన్నల్లుడు తీసిన నర్తకి ఫోటోను నాట్యమండలి వాళ్లు గుమ్మం మీద నిలువెత్తున కట్టారని తెలిసేసరికి పెద్దల్లుడికి కడుపు మండిపోయింది. ముప్పై ఏళ్లుగా స్టూడియో నడుపుతున్నది తను. తమ అత్తవారింటికి నిన్నగాక మొన్న అల్లుడైనవాడు వాడు. తప్పులు పట్టడానికే పనిగట్టుకుని వెళ్లాడు.

తప్పులకేం కొదవ లేదు. నర్తకి గాల్లోకి ఎగిరి ఉంది. గడ్డం పైకి లేచింది, కళ్లు మూసుకుపోయాయి, ఒక చెయ్యి ఫోటో అంచులో తెగిపోయింది. గడ్డం దించండి, కళ్లు ఇటు పెట్టండి అని జీవితమంతా చెప్పి చెప్పి నోరు నొప్పెట్టిన మనిషి, ఇదీ ఒక ఫోటోయేనా అనుకున్నాడు. అనుకున్నాడే గానీ చూపు తిప్పుకోలేకపోయాడు.

"ఎలా ఉంది అన్నయ్యా?" అంటూ చిన్నల్లుడు పక్కన చేరాడు.

"చెయ్యి తెగింది."

"తెగింది. చెయ్యి కోసం చూసుకుంటే ఆ ఎగరడం పోయేది. ఆ రోజు మీరూ కెమెరాతో నా పక్కనే ఉన్నారుగా, మీకు దొరకలేదా?"

దొరికింది. ఆమె పోజు వదిలేసి ఎగిరినప్పుడు వేలు దానంతటదే నొక్కేసింది. తన దాంట్లో చెయ్యి కూడా తెగలేదు. కళ్లు మూసుకుందని అక్కడికక్కడే చెరిపేసి, ఆమెను కసురుకున్నాడు.

"కదలకుండా నిలబడమన్నాను," అన్నాడు పెద్దల్లుడు. "నిలబడింది."