కొంగు కింద పాప

ఎవరి కంటా పడకూడదు, ముఖ్యంగా ఇక్కడ, అనుకుంటూ సలోమి పాపను కొంగు కింద దాచుకుని నడుస్తోంది. ఇది పాప పుట్టినప్పుడు పడిగాపులు పడ్డ ఆస్పత్రి వరండానే, కానీ గోడల పొడుగునా క్రిస్మస్‌కు చర్చిలో కట్టే రంగు కాగితాలు వేలాడుతున్నాయి, నేల తడిసిన చాపలా పాదాల కింద దిగిపోతోంది, ఎంత నడిచినా గేటు అంతే దూరంలో ఉంటోంది.

చివరి బల్ల మీద అత్తగారు మార్తమ్మ కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. పాప ఇంకా కడుపులో ఉండగానే ఆవిడ పోయిందని సలోమికి తెలుసు. అయినా ఆశ్చర్యం కలగదు, భయం మాత్రం కలుగుతుంది.

"ఏమే, చూసీ చూడనట్టు పోతున్నావు?"

"పనుంది అత్తయ్యా."

"ఆ కొంగు కిందేంటి?"

"ఏమీ లేదు."

"ఏమీ లేనిదానికి కాళ్ళెక్కడివే?"

రెండు చిన్న పాదాలు బయటికి వేలాడుతున్నాయి. సలోమి వాటిని లోపలికి లాక్కుంటుంది, లాగేకొద్దీ అవి పొడుగవుతున్నాయి.

"నా ముంతేం చేశావు?" అంటుంది మార్తమ్మ.

అన్నం వండే ముందు దేవుడి పేర పిడికెడు బియ్యం తీసి ముంతలో వెయ్యడం, ఆదివారం దాన్ని చర్చికి పట్టుకెళ్ళడం ఆవిడ అలవాటు. పుట్టగానే పాప ఆస్పత్రి అద్దాల పెట్టెలో ఉన్నన్నాళ్ళూ సలోమి ఆ ముంతలో దోసిళ్ళతో పోసింది, పోస్తూ ఏడ్చింది. పాప ఇంటికొచ్చాక ముంత బోర్లించేసింది.

"మరిచిపోయాను."

"అబద్ధం. మరుపు నీ ఇంటా వంటా లేదు. నేనెప్పుడో అన్న మాటలు కూడా తేదీలతో సహా అప్పజెప్పేదానివి."

చేటలో బియ్యం నీళ్ళలా కదులుతోంది, వరండా పడవలా ఒక పక్కకి ఒరుగుతోంది.

"భయం అత్తయ్యా. ఇప్పుడంతా బావుంది. పాప నడుస్తోంది, ఆయన నవ్వుతున్నారు. ప్రార్థన చేస్తే దేవుడికి నేను గుర్తొస్తాను. దీనికి ఇంత ఇచ్చానా అని మళ్ళీ ఇటు చూస్తాడేమో."

"బాగుందే! దేవుణ్ణి ఆస్పత్రి డాక్టర్ని చేసేశావు. జబ్బు తగ్గాక వీధిలో ఎదురైతే తలొంచుకుని పోతున్నావు."

"పాప నాకుంటుందని మాటివ్వండి."

"మాటివ్వడానికి నేనెవర్నే?" మార్తమ్మ చేట పక్కన పెడుతుంది. "కష్టం వచ్చినప్పుడు ఒక్కదాన్నే మొయ్యలేనన్నావు. సుఖాన్ని మాత్రం ఒక్కదానివే మోస్తున్నావు. చేతులెలా వణుకుతున్నాయో చూడు."

తర్వాత ఆవిడ గొంతు మారుతుంది. "ఒక్కసారి చూపించవే. నేను చూడనే లేదు."

చూపించాలనే ఉంది సలోమికి. కానీ వేళ్ళు వదలవు, వదలమంటున్నకొద్దీ ఇంకా బిగుసుకుంటాయి, కొంగు కింద పాప వేడిగా, చప్పుడు లేకుండా గింజుకుంటోంది.

మెలకువ వచ్చేసరికి సాయంత్రపు ఎండ మంచం మీదికి పాకింది. సలోమి కొంగు నిజంగానే పాప ముఖం మీద ఉంది. దాని అంచు ఆమె పిడికిట్లోనే బిగిసి ఉంది. లోపల పాప ఊపిరాడక తల అటూ ఇటూ తిప్పుతోంది.

కొంగు లాగి పారేసింది. పాప గట్టిగా ఒక్క ఊపిరి పీల్చి, చెమట ముఖంతోనే మళ్ళీ నిద్రలోకి జారింది. గుండె దడ తగ్గేదాకా సలోమి ఆ ముఖాన్నే చూస్తూ కూర్చుంది. దడ తగ్గింది, భయం పోలేదు.

అలాగే లేచి వంటింట్లోకి వెళ్ళింది. అటక మీది ముంత దించి, దుమ్ము తుడిచి, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది. దోసిలి కాదు, పిడికెడే. ముంతలో పోసింది.