చివరి మంచం లెక్క

ఆపరేషన్ థియేటరులో మత్తు డాక్టరు కూర్చునే స్టూలు రోగి తలాపున ఉంటుంది. మనుషుల్ని చూడాలంటే అంతకంటే మంచి చోటు లేదు. రోగి నిద్రపోతాడు, సర్జను మూతికి గుడ్డ కట్టుకుంటాడు. గుడ్డ వెనక నోరు మాత్రం ఆగదు. ఎవరి మీద చాడీలు, ఎవరి గొప్పలు, ఎవరి కుళ్ళు, అన్నీ ఆ స్టూలు దాకా వస్తాయి. ఏళ్ళ తరబడి అవన్నీ విని విని ఈ మత్తు డాక్టరమ్మకి తోటి వైద్యుల మీద గౌరవం అడుగంటిపోయింది. తనను వాళ్ళు వెనకాల ‘మత్తమ్మ’ అంటారని ఆవిడకి తెలుసు. ఆ పేరు పెట్టినవాడి తెలివి అంతవరకేనని కూడా తెలుసు.

ఆసుపత్రి డైరెక్టరుకి ఒకరోజు పరిశోధన పూనింది. ఏ విభాగంలో రోగులు ఎంత బాగుపడుతున్నారో లెక్క తీసి, విభాగాలను ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి, పెద్ద వైద్య సభలో పత్రం చదవాలన్నాడు. పై అంతస్తు కొత్తగా కట్టారు. మొదట నిలిచిన విభాగానికే ఆ అంతస్తు అన్నాడు. అంతే, పెళ్ళివారింట్లో పెద్దపీట కోసం కొట్టుకునే చుట్టాలు కూడా వీళ్ళ ముందు దిగదుడుపే.

లెక్క చూసే పని మత్తమ్మకి అప్పగించారు. మత్తు విభాగానికి సొంత వార్డు లేదు, సొంత రోగి లేడు. ఎవరి పక్షానా ఉండదని డైరెక్టరు ఉద్దేశం. నిజానికి ఆవిడ ఎవరి పక్షానా లేనిది అందరూ ఒకేలా కనబడడం వల్ల.

పని మొదలుపెట్టాక ఆవిడకి రోజూ వినోదమే. చర్మం డాక్టరు ఆవిడ గది తలుపు తోసుకుని వచ్చి, “మేడం, మా విభాగంలో ఒక్క చావు కూడా లేదు, గమనించారా?” అన్నాడు. గజ్జితో ఎవరూ చావరని ఆయనకి ఎవరు చెప్పాలి! ఎముకల డాక్టరు తన రోగులంతా నడుస్తున్నారని రాయించాడు. చూడబోతే ఇటొక కొడుకు, అటొక అల్లుడు పట్టుకుని ఈడ్చుకెళ్ళడాన్ని కూడా ఆయన నడకే అంటున్నాడు. కళ్ళ డాక్టరు మరీ పసివాడు. రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని “బాగా కనిపిస్తోందా? నేను కనిపిస్తున్నానా? ఎలా ఉన్నాను?” అని అడుగుతాడు. తన కళ్ళ మీదే కత్తి పెట్టిన మనిషి ఎదురుగా కూర్చుని అడిగితే బాగాలేరని ఎవడంటాడు?

వీళ్ళంతా ఒక ఎత్తు, ఆవిడ సొంత బావ ఒక ఎత్తు. అక్క మొగుడు పొట్ట సర్జను, సర్జరీ విభాగానికి పెద్ద. చెయ్యి మంచిదే, కాదనడానికి లేదు. అయితే ఆ చేతికున్న పొగడ్తల ఆకలికి అంతులేదు. అక్కయితే “మా ఆయన హస్తవాసి” అని మొదలుపెట్టిందంటే ఎదుటివాళ్ళు కాఫీ చల్లారబెట్టుకోవాల్సిందే.

లెక్కకి పెద్దలందరూ కలిసి ఒక నియమం పెట్టుకున్నారు. రోగి చివరికి ఏ వార్డు మంచం మీద ఉంటే ఫలితం ఆ వార్డుది. చావైనా వాళ్ళదే, బతుకైనా వాళ్ళదే. నియమం పెట్టిన వారం నుంచే ఆసుపత్రిలో స్ట్రెచర్లకి కాళ్ళొచ్చాయి. గుండె విభాగంలో ఎవరికైనా ఊపిరి బరువెక్కితే చాలు, “ఇది ఊపిరితిత్తుల సమస్య” అని జనరల్ వార్డుకి తోసేసేవాళ్ళు. సర్జరీలో కుట్లు పాకానపడితే “షుగరు ఎక్కువుంది” అని జనరల్ వార్డుకే. కిడ్నీల వాళ్ళూ అంతే. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పాపమంతా ఒక్క గిన్నెలోనే పడుతోంది.

ఆ గిన్నె జనరల్ డాక్టరు. సన్నగా, చొక్కా భుజాలు జారిపోతూ ఉండే మనిషి. ఎవరిని పంపినా “సరే, పంపండి” అనేవాడు. అందుకే ఆయన్ని ‘ధర్మసత్రం’ అనేవారు. ఆయన ఓర్పుని నర్సులు మెచ్చుకునేవాళ్ళు. మత్తమ్మకి అది ఓర్పులా కనిపించలేదు, వెన్నెముక లేకపోవడంలా కనిపించింది.

“ఒక్కసారైనా కుదరదని అనలేరా మీరు?” అని అడిగింది ఒకసారి కారిడార్‌లో ఆపి.

“అంటే రోగి ఎక్కడికెళ్తాడండీ?” అన్నాడాయన.

ఆవిడ పెదవి విరిచి వెళ్ళిపోయింది. అందరి మీదా పెదవి విరవడమే అప్పటిదాకా ఆవిడ చేసిన పని.

ఇంతలో పిన్నికి పేగు మడతపడింది.

పిన్నంటే వాళ్ళమ్మ చెల్లెలు. డ్రైవింగ్ స్కూలు నడిపి సగం నగరానికి బండి నేర్పిన మనిషి. నేర్చుకునేవాడు వకీలైనా పోలీసైనా తప్పు తిప్పాడంటే స్టీరింగు మీదున్న చేతి మీద ఒక్కటి వేసేది. మొగుడు పోయాక కూడా బండీ తనదే, గొంతూ తనదే. అలాంటిది పొట్ట పట్టుకుని మెలికలు తిరిగిపోతూ వస్తే, బావ అప్పటికప్పుడు ఆపరేషన్ చేశాడు. మత్తు ఇచ్చింది మత్తమ్మే. పాడైన ముక్క తీసేసి పేగు కలిపి కుట్టాడు. “చూశావా మరదలా, పట్టుచీరకి అంచు కుట్టినట్టు కుట్టాను!” అన్నాడు గుడ్డ వెనక నుంచి.

తర్వాత రెండు రోజులు పిన్ని బాగానే ఉంది. ఆ పైన జ్వరం మొదలైంది. పొట్ట బిగుసుకుంది, మాట తడబడింది, దగ్గు కూడా తోడైంది. దగ్గు వినపడగానే బావ మొహం తేటపడింది. మత్తమ్మ మధ్యాహ్నం థియేటరు నుంచి బయటికొచ్చేసరికి పిన్ని మంచం ఖాళీ.

బావ టీ తాగుతున్నాడు.

“పిన్ని ఏది?”

“నిమోనియా. జనరల్‌కి మార్చాం. అది వాళ్ళు చూసుకోవాల్సింది కదా.”

“పొట్ట కోసింది వాళ్ళా?”

“పొట్టకేం? పొట్ట భేషుగ్గా ఉంది. ఊపిరితిత్తులూ మేమే చూస్తే ఇక వాళ్ళెందుకు?” అని కప్పు కింద పెట్టి, గొంతు తగ్గించాడు. “వయసు మీద పడిన మనిషి. ఏదన్నా అయితే ఆ మచ్చ మనింటి మీదే పడాలా చెప్పు?”

మనిల్లు! మంచం మీదున్న పిన్ని ఆ ఇంట్లో మనిషి కాదన్నమాట. మత్తమ్మ ఆ ముఖంలోకి చూసింది. పెళ్ళిలో ఇదే ముఖాన్ని చూసి, అక్క అదృష్టవంతురాలని చుట్టాలందరితోపాటు తనూ అనుకుంది.

ధర్మసత్రం ఎప్పటిలాగే “సరే” అన్నాడు గానీ, పిన్ని పొట్ట మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు. స్కాన్ తీయించాడు. ఒకసారి వచ్చి చూడమని బావకి కబురు చేశాడు. “వస్తున్నా” అన్న జవాబు వచ్చింది, మనిషి రాలేదు. మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే జవాబు. కుట్టు పక్కన చీము గూడు కట్టింది. పట్టుచీర అంచు ఒక మూల ఊడిందన్నమాట. స్కాను డాక్టరు చేత సూది వేయించి, గొట్టం పెట్టించి ఆ చీమంతా లాగించాడు. మందులు మార్చాడు. వంగిన భుజాలతోనే ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మత్తమ్మ ఎప్పుడు వెళ్ళినా అక్కడే ఉండేవాడు.

పిన్ని తేరుకుంది. లేస్తూనే, “ఈ నీళ్ళగంజి ఎవడు కాచాడ్రా, ఇందులో చెయ్యి కూడా కడుక్కోలేం” అని కసిరింది. గొంతు తిరిగొచ్చిందని నర్సులు సంబరపడ్డారు.

గొట్టం తీసేసి, రేపు ఇంటికి పంపిద్దామనుకుంటున్న పూట, సర్జరీ వార్డు నుంచి స్ట్రెచరు వచ్చింది. వెనకే బావ, చేతిలో పూలగుత్తి, మొహాన నవ్వు.

“పిన్నత్తగారూ, మన వార్డుకి వెళ్దాం రండి. కుట్లు ఒకసారి చూసి, రేపు దర్జాగా మా దగ్గర్నుంచే ఇంటికి పంపుతాను.”

ధర్మసత్రం కుర్చీలోంచి లేచి పక్కకి జరిగాడు. “మంచిదండి, తీసుకెళ్ళండి” అన్నాడు.

పిన్ని కదలలేదు. “అబ్బాయ్, నేను చావబోతుంటే ఇటు తోశావు. బతికానని తెలిసి అటు లాగుతున్నావు. అంతేనా?”

“అయ్యో, అదేం మాట! వైద్యంలో ఒక పద్ధతి ఉంటుందండీ.”

“పద్ధతా? గుద్దేసి బండి తిప్పుకుని పోయినవాళ్ళని చాలామందినే చూశాన్రా నాయనా. ఆసుపత్రిలో చేర్చిందీ తనేనని వచ్చి దండ వేయించుకునేవాణ్ణి మాత్రం ఇప్పుడే చూస్తున్నా. ఆ పూలు అక్కడ పెట్టి ఫో.”

బావ నవ్వు ఇంకా పోలేదు. నవ్వు తీసేస్తే ఆ మొహంలో ఇంకేం పెట్టుకోవాలో ఆయనకి తెలియదు. పూలు కిటికీలో పెట్టి, ఖాళీ స్ట్రెచరుతో వెళ్ళిపోయాడు. పిన్ని ధర్మసత్రం వైపు తిరిగింది. “నువ్వొకడివి! మంచిదండి అట, తీసుకెళ్ళండి అట. నేనేమన్నా ఎదురింటివాళ్ళ నిచ్చెనా, అడగ్గానే ఇచ్చెయ్యడానికి?”

ఆయన చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. మత్తమ్మకి నవ్వొచ్చింది. ఆ నవ్వు పిన్ని కంట పడింది.

“నువ్వేం నవ్వుతావే? వీళ్ళ భాగోతం నీకు ఎప్పట్నుంచి తెలుసు?”

“మొదట్నుంచీ తెలుసు పిన్నీ.”

“తెలిసి ఏం చేశావు?”

మత్తమ్మ కిటికీలో పూలు సర్దబోయింది.

“సూది పొడవడం, జోకొట్టడం, లేచి పోవడం. పైగా అందరూ వెధవలేనని మూతి తిప్పడం. బండి నేర్పేదాని కాలి కిందా ఒక బ్రేకుంటుంది. పక్క సీట్లో కూర్చుని అది తొక్కనిదానికి ఎదుటివాణ్ణి తిట్టే హక్కు లేదే అమ్మడూ.”

ఆ మాట మత్తమ్మకి చురుక్కుమంది. ఎవరికి ఏ మాట తగలాలో ఆ మాట చిన్నప్పట్నుంచి తనే అంటూ వచ్చింది. ఇప్పుడు తనకే తగిలింది. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోయింది, తినలేదు.

మరునాటి నుంచి లెక్క తిరగేసింది. చివరి మంచం ఎవరిదని చూడ్డం మానేసి, మొదట చెయ్యి వేసింది ఎవరని చూసింది. ఎక్కడ చేరారు, ఎవరు కోశారు, ఎవరు ఎందుకు పంపేశారు, అన్నీ కేసు కాగితాల్లో బాహాటంగానే ఉన్నాయి. దాచాలన్న సిగ్గు కూడా ఎవరికీ లేదు. లెక్క తేలేసరికి తలకిందులైంది. అట్టడుగున ఉన్న జనరల్ విభాగం పైకొచ్చింది. పైనున్న గుండె, సర్జరీ రెండూ కలిసి మెట్లు దిగాయి. ఎటూ కదలనిది చర్మం ఒక్కటే.

సమావేశంలో ఆవిడ కొత్త లెక్క చదివింది. అయిపోయాక అందరూ ఒకేసారి అరిచారు. గుండె డాక్టరు ఇది శాస్త్రీయం కాదన్నాడు. ఎముకలాయన నియమం మధ్యలో మార్చకూడదన్నాడు. బావ లేచి, ఎంతో జాలిగా, “మా మరదలు ఈమధ్య ఇంట్లో జబ్బు మనిషిని చూసి కలత పడింది, మనం అర్థం చేసుకోవాలి” అన్నాడు. అందరూ అర్థం చేసుకున్నట్టు తలలూపారు. ధర్మసత్రం బల్ల మీద గీతలు చూస్తూ కూర్చున్నాడు. తన విభాగం మొదట నిలిచిందన్న మాట విని చెమటలు పట్టినవాడు ఆ గదిలో ఆయనొక్కడే.

డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. “మీ శ్రమకి చాలా సంతోషమమ్మా. మిగతాది చర్మం డాక్టరుగారు చూసుకుంటారు.”

పాత నియమంతోనే పత్రం తయారైంది. సభలో చదివారు, చప్పట్లు కొట్టారు. సర్జరీకి పై అంతస్తు వచ్చింది. అక్క నెల పైన మాట్లాడలేదు. మాట్లాడిన రోజు కూడా, “మా ఆయన్ని పదిమందిలో అంత మాటంటావా?” అనే మొదలుపెట్టింది. పిన్ని సంగతి ఆ నోట రాలేదు.

కొత్త థియేటరులో మొదటి ఆపరేషన్‌కి మత్తమ్మనే వేశారు. బల్ల మీద ఒక బస్సు డ్రైవరు, హెర్నియా. బావ చేతులు కడుక్కుని తడి మోచేతులు పైకెత్తి వచ్చాడు. మత్తమ్మ సూది చేత్తో పట్టుకుని రోగి చెవి దగ్గరికి వంగింది. అందరికీ వినపడేంత గట్టిగానే చెప్పింది.

“ఈయన్ని బాగా చూసి గుర్తుపెట్టుకోండి. మిమ్మల్ని కోసేది ఈయనే. రేపు జ్వరమొచ్చినా, దగ్గొచ్చినా, ఏ వార్డుకి మార్చినా సరే, మీ డాక్టరు ఈయనే. పిలిపించమని అడగండి. మీ ఆవిడకి కూడా చెప్పాను.”

“ఏంటి మరదలా ఇది?” అన్నాడు బావ.

“నిద్రపుచ్చేముందు ధైర్యం చెప్పడం నా పని కదా బావా.”

ఆ రోజు నుంచి ప్రతి రోగికీ చెప్పింది. పొట్ట కోయించుకునేవాళ్ళకీ, ఎముక విరగ్గొట్టించుకుని సరిచేయించుకునేవాళ్ళకీ, గుండె తెరిపించుకునేవాళ్ళకీ. సర్జన్లు డైరెక్టరు దగ్గరికి వెళ్ళారు. రోగికి తన డాక్టరెవరో చెప్పడం తప్పని రాసి సంతకం పెట్టడానికి ఆయనకి కూడా చెయ్యి రాలేదు.

బస్సు డ్రైవరు బాగానే వెళ్ళాడు. తర్వాత ఒక టైలరుకి కుట్టు చీము పట్టింది, ఎప్పటిలాగే జనరల్ వార్డుకి తోశారు. మరునాడు ఆయన భార్య లిఫ్టు దగ్గర బావకి అడ్డం నిలబడింది. “మా డాక్టరు మీరేనట కదండీ? మా ఆయన కింద ఉన్నాడు, రండి.” లిఫ్టులో ఉన్నవాళ్ళంతా చూస్తున్నారు. వస్తున్నానని చెప్పి పైకెళ్ళే వీలు లేదు, ఆవిడ తలుపు మూసుకోనివ్వడం లేదు.

మత్తమ్మ ఆ పొద్దు జనరల్ వార్డులోనే ఉంది. బావ లోపలికొచ్చాడు, ఇస్త్రీ కోటులో, చేదుమందు మింగిన మొహంతో. ధర్మసత్రం గభాలున లేచి, రెండు చేతులా తన కుర్చీ ఎత్తి ఆయన ముందు పెట్టబోయాడు.

“ఆ కుర్చీ అక్కడే ఉంచండి. ఆయన నిలబడి చూస్తారు” అంది మత్తమ్మ.