నలభై మూడు రోజుల గైరుహాజరు

సర్కారు తిమ్మన్న నౌకరీలోంచి డెబ్బై ఒక్క రోజులు మింగింది. ఇందులో వాదించడానికేమీ లేదు. పదిహేనేళ్ళ పది రోజులు తుపాకి మోసి వచ్చినవాడికి, పదిహేనేళ్ళు నిండలేదు గనక పింఛను రాదని కాగితం పంపింది.

రాయచూరులో మాజీ సైనికుల దఫ్తరుకు అతను రావడం అది మూడోసారి. గుమాస్తా గురురాజ్ మంచివాడు. మొదటిసారి చెప్పినట్టే మళ్ళీ చెప్పాడు.

"చూడు తిమ్మన్నా. నువ్వు మాజీ సైనికుడివే. కాదని ఎవరన్లే. పింఛనుకు మాత్రం పదిహేనేండ్లు నిండాల. పదేండ్ల కింద సెలవు అయిపోయినంక నలభై మూడు రోజులు ఇంట్లనే ఉన్నవు. అవి లెక్కకు రావు. వాపసు పోయినంక ఇరవై ఎనిమిది రోజులు పల్టను జైల్ల పెట్టిన్రు. అవీ రావు."

"జైల్ల పెట్టింది వాళ్ళే గదా సారూ. నేనేమన్న అడిగి పోయిన్నా?"

"అది శిక్ష."

"శిక్ష అప్పుడే అయిపాయె. మళ్ళ ఇదేంది?"

గురురాజ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కొన్ని రోజులు తక్కువైతే మాఫీ చేస్తరు. కానీ నీ అంతట నువ్వే విడుదల అడిగి వచ్చినవు. అట్ల వచ్చినోళ్ళకు మాఫీ లేదు."

"పదిహేనేండ్లు నిండినయనే వచ్చిన."

"నిండలే."

"నిండలేదని తెలిస్తే ఎందుకొస్త సారూ?"

ప్రతిసారీ ఇక్కడికి వచ్చేసరికి తిమ్మన్నకు దారి తప్పేది. ఆ రోజుల్లో తను సిపాయి కాకపోతే జైల్లో ఎట్లా పెట్టారు? సిపాయే అయితే ఆ రోజులు ఎటు పోయాయి? భార్య అయ్యమ్మకు ఆయాసం ముదిరిందని ఉత్తరం వస్తే, వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టుకుని విడుదల అడిగాడు. ఇంటికొచ్చిన ఆరు నెలలకే ఆమె పోయింది. ఇప్పుడు ఆమే లేదు, పింఛనూ లేదు.

"ఒక్క దారుంది" అన్నాడు గురురాజ్. "సెలవు పెంచమని అప్పుడే అడిగినట్టు కాగితం చూపియ్యి. కారణం గట్టిదైతే ఆ నలభై మూడు రోజులు సెలవు కింద మార్చమని పైకి రాస్త. గైరుహాజరే లేదంటే శిక్ష గూడ కొట్టుకపోతది."

"అడిగిన సారూ! నా పెండ్లానికి జరమని రాసి పటేలు చేతికిచ్చిన."

"పటేలుకా? పల్టనుకు రాయలేదా?"

"పటేలు సర్కారు మనిషే గదా?"

నైజాము కాలం నుంచీ ఆ ఊళ్ళలో పుట్టుక, చావు, వలస, ఏదైనా పటేలుకు చెప్పేవారు. పటేలు తాసీలుకు పంపేవాడు. తిమ్మన్న ఎరిగిన సర్కారు ఒకటే. పల్టను ఢిల్లీలో ఉండే ఇంకో సర్కారుదని అతనికెవరూ చెప్పలేదు.

మరునాడు అతను మల్లట్ దగ్గరి తన ఊళ్ళో పాత పటేలు పంపాపతి గౌడ ఇంటికి వెళ్ళాడు. పటేలుగిరీ పోయినా ముసలాయన పాత కాగితాల మూట వదల్లేదు. మధ్యాహ్నం దాకా వెతికి ఒక కాగితం దులిపాడు.

"ఇదిగోరా. మాన్వి తాసీల్ల ముట్టినట్టు ముద్రేసి వాపసిచ్చిన రెండో ప్రతి. జవాబు రాలే. రాకుంటే కబూలైనట్టే అనుకుంటిమి."

తిమ్మన్న చదివాడు. తన చేతి రాతే. 'కాలువ నీళ్ళు వచ్చుచున్నవి గనుక పొలము చదును చేయుటకు నలుబది దినములు సెలవు దయచేయవలెను.' అయ్యమ్మ పేరు ఎక్కడా లేదు.

"ఇదేంది గౌడా? అయ్యమ్మకు జరమొస్తే గదా నేనుండింది."

"నన్నడిగితే? రాసింది నువ్వు. నీళ్ళొచ్చేనాటికి పొలం చదును గాకుంటే ఆంధ్రా నుంచొచ్చిన క్యాంపోళ్ళు అగ్గువకు కొనుక్కుంటరని బుగులు పడితివి గదరా."

"జరముండె."

"ఉండెనేమో. నేను చూసింది చెప్తున్న. నువ్వు తవ్వుతుంటే ఆమె మట్టి తట్టలు మోస్తుండె. నీ పెండ్లాం నీకంటె మంచి సిపాయిరా, కవాతు చేస్తుంది అని నవ్వితి గూడ."

గొంగడి కింద అయ్యమ్మ వణకడం తిమ్మన్నకు గుర్తుంది. నెత్తిన తట్టతో గట్టెక్కడమూ గుర్తొచ్చింది. ఏది ముందు, ఏది వెనక? ఆ ఏడేనా? పదేళ్ళుగా అడిగిన ప్రతివాడికీ జ్వరమనే చెప్పాడు. చెప్పీ చెప్పీ అదే నిజమైందా, నిజం గనకే చెప్పాడా?

పంపాపతి గొంతు తగ్గించాడు. "అప్పటి ఖాళీ కాగితం ఉంది నా తాన. పెండ్లాం మంచం పట్టిందని రాయి. అప్పటి తారీకేసి సంతకం చేస్త. పోయినామె వచ్చి కాదంటదా?"

తిమ్మన్న కలం తీసుకున్నాడు. 'నా భార్య అయ్యమ్మ మంచము పట్టి' అని రాసి ఆగాడు. మంచం పడితే తట్టలు మోసిందెవరు? జ్వరంలోనే మోస్తే, మోయించిందెవరు? జ్వరమే లేకపోతే ఇంతకాలం తను ఎవరి మీద కోపంతో ఉన్నట్టు?

"రాయవేందిరా?"

కలం కింద పెట్టి లేచి వచ్చేశాడు.

వారం తర్వాత దఫ్తరుకు వెళ్ళి తన అర్జీ వాపసు ఇమ్మన్నాడు.

"కాగితం దొరకలేదా?" అన్నాడు గురురాజ్.

"దొరికింది."

"కారణం ఏమని ఉంది?"

"కారణం నాకు తెల్వదు సారూ."

"తెల్వదంటే ఎట్లయ్యా? ఆ రోజులు ఇంట్ల ఉన్నది నువ్వే గదా."

"నేనే."

గురురాజ్ అర్జీ తీసి ఇచ్చాడు. తిమ్మన్న అర్జీని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

"సర్కారును నేను మాఫీ చెయ్య. అది దానికి చెప్పే పని లేదు. ఇగ ఈ పింఛను మాట నేనెత్తనే ఎత్త. మీరెత్తినా, మా ఊర్ల ఎవరెత్తినా, నేను పలక."