తడి అందని నాలుగు రోజులు

“మొక్కలు మనుషులు కాకపోవచ్చు కానీ వాటికీ దాహం వేస్తుందమ్మాయ్,” అంది అత్తగారు మూడోసారి. “అది మీ మామగారు కొన్న పైపు. మీ సంఘానికి రాసివ్వలేదు.”

కోడలు పొయ్యి తుడుస్తూ తల తిప్పలేదు. “స్లాబు తడపడానికి ఇంకొక్క రోజే కావాలి అత్తయ్యా. రేపటికి స్లాబు పోసి పద్నాలుగు రోజులు. జాకీలు తీసేస్తారు. ఆ వెంటనే మీ పైపు ఊరేగించి మరీ తెచ్చిస్తాను.”

“చెంబుతో పోయొచ్చుగా నానమ్మా,” అంది కూతురు పుస్తకంలోంచి.

“నీ మోకాళ్ళు అరువియ్యవే, పోస్తాను.” అత్తగారు కుర్చీలో సర్దుకుంది. “అయినా నాకు తెలియక అడుగుతాను. మీరంతా సభలకెళ్ళిన నాలుగు రోజులూ పైపు ఇక్కడే ఉందిగా. నేను సుఖంగా మొక్కలు తడుపుకున్నాను. అప్పుడేం మీ స్లాబు కరిగిపోయిందా?”

తుడుస్తున్న గుడ్డ ఆగింది.

“ఏ నాలుగు రోజులు?”

“ఇంకే నాలుగు? పోయిన వారం మంగళవారం నుంచి శుక్రవారం దాకా. సోమవారం సాయంత్రం అబ్బాయి క్లిప్పు ఊడిందని ఇంటికి తెచ్చి బిగించాడు. మళ్ళీ శనివారం పొద్దున మీ సంఘంలోని డ్రైవరొచ్చి పట్టుకుపోయాడు.”

ఆమె గుడ్డను పొయ్యి మీదే వదిలేసి లోపలికెళ్ళి రిజిస్టరు తీసింది. మంగళ, బుధ, గురు, శుక్ర. నాలుగు గళ్ళలోనూ డ్రైవరు పేరు, పక్కన నాలుగు టిక్కులు. నాలుగూ తను పెట్టినవే.

ప్రార్థన మందిరం కడుతున్నది సంఘంలోని వాళ్ళే. ప్లాను కేంద్ర కార్యాలయం నుంచి వస్తుంది. సిమెంటు, ఇనుము వాళ్ళే టోకున కొని పంపుతారు. స్లాబును కింద నుంచి మోసే ఇనుప జాకీలు పది ఊళ్ళకు కలిపి ఒకటే జత. ఒక ఊళ్ళో పనయ్యాక లారీలో ఇంకో ఊరికి పోతాయి. కూలి ఎవరికీ ఉండదు. దానికి బదులు ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో రాసి ప్రతి సోమవారం కార్యాలయానికి పంపాలి. ఆ గంటలను బట్టే ఆ ఊరికి ఇచ్చిన సాయంలో ఎంత తిరిగి కట్టాలో లెక్క తేలుస్తారు. ఆ రిజిస్టరు ఆమెది. ఆడవాళ్ళ చేతికి రావడం అదే మొదటిసారి.

సభల వారం కార్యాలయం మూసేస్తారని చెబితే, ఆ వారం గంటలన్నీ ముందే టిక్కు పెట్టి సోమవారమే పంపేసింది. అందులో ఆమెకు తప్పేమీ కనిపించలేదు. సంఘంలో లేచి నిలబడి పేరు చెప్పారంటే ఆ పని అయినట్టే. పేరిచ్చి రాకపోవడమన్నది వాళ్ళెవరూ ఎరగరు.

సెలవు దొరకదు, సభలకు రాను, ఆ నాలుగు రోజులూ స్లాబుకు నీళ్ళు నేను పెడతానని పేరిచ్చాడు డ్రైవరు. మంగళవారం పొద్దున అతను సభలకెళ్ళే బస్సు దగ్గర చేతిసంచీతో కనబడ్డాడు. సెలవు దొరికిందట. ఆమే పిలిచి మరీ ముందు సీటు చూపించింది.

వీధి చివర డ్రైవరు బండి కడుగుతున్నాడు. ఆమె అడిగింది విని నీళ్ళు ఆపేశాడు.

“అదేంటక్కా, బస్సెక్కుతుంటే మీరే కదా సీటిచ్చారు. నా పేరు కొట్టేసి ఇంకెవరిదో రాశారనుకున్నా.”

“మరి శనివారం పైకెక్కినప్పుడు?”

“స్లాబు మీద నీళ్ళకు కట్టిన మళ్ళన్నీ ఎండిపోయి ఉన్నాయి. పొద్దున్నే కదా, ఇంకా పోయలేదేమో అనుకుని నింపాను.” అతను బండి వదిలి దగ్గరికొచ్చాడు. “ఏమైందక్కా? ఏమన్నా అయిందా?”

ఆమె మందిరం వైపు నడిచింది.

మందిరంలో జాకీలు దగ్గరదగ్గరగా నిలబెట్టి ఉన్నాయి. పక్కకు తిరిగితేగానీ వాటి మధ్య నడవలేం. మెట్లు ఎక్కేసరికి ఆమె భర్త పిట్టగోడకు ఇటుకలు పేరుస్తున్నాడు. సంఘంలో తాపీపని తెలిసిన వాడు అతనొక్కడే. మిగతావాళ్ళు గుమాస్తాలూ, కొట్టువాళ్ళూ, టీచర్లూ. వాళ్ళకు తాపీ పట్టుకోవడం కూడా ఇక్కడే నేర్పాడు.

ఆమె చెప్పింది. అతను చేతిలో ఇటుకను నెమ్మదిగా కింద పెట్టాడు.

“నేను బిగించి గుమ్మం పక్కన పెట్టాను. వాడొచ్చి పట్టుకెళ్తాడనుకున్నా.”

“నేనూ అనుకున్నాను. అందరం అనుకున్నాం.”

ఎండ బాగా పడే మూలకు వెళ్ళి, నీళ్ళు పక్కకు తోసి మేకుతో గీశాడు. గీత వెంట పైపొర తెల్లటి ముద్దలా ఊడొచ్చింది. ఇంకోచోట గీశాడు. అక్కడా అంతే. వెంట్రుకల్లాంటి పగుళ్ళు రెండు మూరల పొడవున సాగిపోయాయి.

“ఇవి శనివారమే చూశాను. రిజిస్టర్లో టిక్కులున్నాయిగా, ఎండకు పైపైన వచ్చినవే అనుకున్నా.”

“పడిపోతుందా?”

“పడిపోదు. నూటికి తొంభై పాళ్ళు పడదు.”

“మిగతా పది పాళ్ళు?”

అతను చేతులు దులుపుకున్నాడు. మందిరం పూర్తయ్యాక కింద ప్రార్థన, పైన పిల్లల తరగతి. అరవైమంది పిల్లలు. పాటకు అందరూ ఒకేసారి లేస్తారు.

“కాంక్రీటు కలపడంలో నా వల్లే తేడా వచ్చిందని చెబుతాను,” అన్నాడు. “నీళ్ళు ఎక్కువయ్యాయంటే నమ్ముతారు. నీ పేరు ఎత్తొద్దు.”

“రేపట్నుంచి మీకు గోడ కట్టే పని ఎవరిస్తారు?”

“అది తర్వాత సంగతి.”

“తర్వాత సంగతేం కాదు. అదే మన అన్నం.”

వాళ్ళు ఇల్లు చేరేసరికి ఆమె అన్నయ్య వచ్చి కూర్చున్నాడు. బళ్ళో లెక్కల మాస్టారు, ఈ కట్టడానికి బాధ్యుడు. చేతిలో ఫారం, జేబులోంచి తీసిన పెన్ను. స్లాబు గట్టిపడిందని మేస్త్రీగా ఆమె భర్త సంతకం పెడితేనే జాకీలు కదలాలి. కేంద్ర కార్యాలయం నియమం అది.

“రా బావా. ముందు సంతకం, తర్వాత టీ. రేపు ప్రార్థన అవగానే విప్పేస్తే సాయంత్రం లారీ ఎక్కించొచ్చు. అవతల ఊళ్ళో నలభైమంది ఉద్యోగాలకు సెలవు పెట్టి ఎదురుచూస్తున్నారు.”

మేస్త్రీ చేతులు కూడా కడుక్కోలేదు. “బావా, స్లాబు సరిగ్గా రాలేదు. కలపడంలో నేను...”

“ఆయన కలపడంలో ఏమీ తేడా లేదన్నయ్యా,” అంది ఆమె. “నాలుగు రోజులు నీళ్ళు పడలేదు. పడ్డట్టు నేను టిక్కులు పెట్టాను.”

అన్నయ్య పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీశాడు. జరిగిందంతా విన్నాక తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

“ఇది ఇంకెవరికి తెలుసు?”

“డ్రైవరుకి.”

“వాడు నోరు విప్పడు. వాడి తప్పూ ఉంది.” గొంతు తగ్గించాడు. “చూడమ్మా, జాకీలు ఆగితే అవతలివాళ్ళు బయట అద్దెకు తెచ్చుకుంటారు. ఆ ఖర్చు మన మందిరం మీద రాస్తారు. తలుపులూ కిటికీలూ ఈ ఏడాదికి ఉండవు. పైగా చెయ్యని గంటలు పంపావంటే మన రిజిస్టర్లన్నీ తిరగేస్తారు. నీకు ఈ పని ఇప్పించడానికి ఎంతమందికి సర్దిచెప్పుకున్నానో తెలుసా? ‘ఆడవాళ్ళకెందుకండీ’ అన్నవాళ్ళ ముందు రేపు నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“స్లాబు కింద ఎవరి మొహాలుంటాయి అన్నయ్యా?”

“పడిపోతుందని బావ అన్నాడా?”

“పడదనీ అనలేను,” అన్నాడు మేస్త్రీ.

“ఆమాటకొస్తే ఏ స్లాబు గురించి ఎవడు అనగలడయ్యా! వీధిలో సగం ఇళ్ళు ఇలాగే కట్టుంటారు.”

“అవి కట్టింది నేను కాదుగా.”

అత్తగారు చెవులు అటే పెట్టి, కొంగుచివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. “నా నోటికి తాళం లేదు,” అని గొణిగింది. “పైపు ఊసెత్తకపోతే పోయేది.”

“ఎత్తడమే మంచిదైంది నానమ్మా,” అంది కూతురు.

“నువ్వు చదువుకో,” అన్నాడు మేనమామ.

“ఎలా చదవను మామయ్యా? అందరూ అరుస్తున్నారు కదా.”

నిజానికి ఎవరూ అరవడం లేదు. గుసగుసల్లోనే ఒకరి మీద ఒకరు పడుతున్నారు. అన్నయ్య ఫారాన్ని బల్ల మీద బావ వైపు జరిపాడు. అతను దాన్ని చూశాడు కానీ ముట్టుకోలేదు. భార్య వైపు చూశాడు. ఆమె ఒక్కమాటంటే సంతకం పెట్టేలాగా, ఇంకొకమాటంటే తప్పంతా నెత్తిన వేసుకునేలాగా ఉన్నాడు.

ఆమె వెళ్ళి టీ తెచ్చి అందరి ముందూ పెట్టింది. అన్నయ్యకు చక్కెర లేకుండా, అత్తగారికి రెండు చెంచాలతో. తనకు పోసుకోలేదు. చివరికి ఆ ఫారాన్ని తీసి రిజిస్టరులో పెట్టి, రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“రేపు ప్రార్థన అవగానే నేను లేచి నిలబడతాను,” అంది, కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మెల్లగా. “నాలుగు రోజులు నీళ్ళు పడలేదనీ, పడ్డట్టు నేనే రాసి పంపాననీ అందరికీ చెబుతాను. డ్రైవరు పేరు చెప్పను. ఆ గంటలు కొట్టేయమని కార్యాలయానికి ఇవాళే రాస్తాను. స్లాబు చూడ్డానికి ఇంజినీరును పంపమని కూడా రాస్తాను. ఆయన వచ్చి చూసిందాకా జాకీలు కదలవు. రిజిస్టరు ఎవరికిస్తారో వాళ్ళిష్టం. అన్నయ్యా, టీ చల్లారిపోతోంది.”