వెనక సీటు పిన్నులు

మోటార్ల మేస్త్రికి అక్క అంటూ ఒకతె ఉందని ఆ వీధిలో ఎవరికీ తెలియదు. అతను చెప్పుకోలేదు. నీళ్ళ మోటార్లు బాగుచేసే కొట్టు, కొట్టు వెనకే ఇల్లు, ఇంట్లో భార్య, ఎడమ చెవికి చెవుడు, ఇంతే అతని ఆస్తిపాస్తులనుకునేవారు జనం. ఆ చెవుడు యుద్ధంలో విమానాల ఓడ మీద పనిచేసినప్పుడు వచ్చిందని మాత్రం అందరికీ తెలుసు. బేరం నచ్చనప్పుడల్లా మేస్త్రి ఆ చెవినే ముందుకు పెట్టేవాడు మరి.

అందుకే ఒక మధ్యాహ్నం ఫోన్ మోగి, భార్య తీసి, "మీ అక్కట" అన్నప్పుడు, అతనికి చేతుల జిడ్డు తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది.

"నేనండీ," అంది అక్క. "మీరొకసారి ఆసుపత్రికి రావాలి."

తమ్ముణ్ణి పట్టుకుని అండీ అంటోంది. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన అక్క, 'ఒరే చిన్నా' తప్ప ఇంకో పిలుపు ఎరగని అక్క. నాలుగు తిట్టినా మేస్త్రి సంతోషించేవాడు. తిట్టడానికైనా కాస్త చనువుండాలి. ముప్ఫై ఏళ్ళ కిందట మొహాన తలుపేసిన నాడే ఆ చనువు పోయింది.

"అన్నయ్యగారు పోయేలా ఉన్నారు. ప్రాణం కొట్టుకుంటోంది గానీ పోవడం లేదు. చేతులతో ఏవో సైగలు చేస్తున్నారు. డాక్టర్లకి అంతుపట్టలేదు. అవి మీ ఓడ మీది సైగలేమోనని నాకు అనుమానం. లేకపోతే మిమ్మల్ని పిలిచేదాన్ని కాదు."

మేస్త్రి సరేనన్నాడు. అతని భార్య ఊరుకోలేదు. "ఇన్నేళ్ళు మీ మొహం చూడని మనిషికి ఇప్పుడు మీతో పనిపడిందా? అదీ ఆయన కోసమా?" అని కుడి చెవి దగ్గరకొచ్చి మరీ అడిగింది. మేస్త్రి లేచాడు. కొట్లో పాత బెల్టులు వేలాడే మేకు దగ్గరకెళ్ళి, వాటి వెనక నుంచి రెండు పిన్నుల గుత్తులు తీసి జేబులో వేసుకున్నాడు.

ఆ అన్నయ్యగారి సంగతి చెప్పాలి. ఓడ మీద ఆయన పైలట్. ఆయన నడిపే విమానానికి మేస్త్రి మెకానిక్. అందులోనే వెనక సీటు మనిషి మేస్త్రి బావ. దారి చూడడం, రేడియో పట్టడం అతని పని. మేస్త్రికి స్నేహితుడిగా ఇంటికొచ్చి, అక్క చేతి కాఫీ తాగి, రెండో కప్పు అడిగి, ఆ వంకన బావ అయిపోయిన మనిషి. ఎప్పుడూ నవ్వించేవాడు.

ఆ విమానంలోవి మామూలు సీట్లు కావు. కూలిపోయేటప్పుడు మనిషిని సీటుతో సహా పైకి విసిరేస్తాయి. అడుగున మందుగుండు ఉంటుంది. తలపైన ఉన్న పిడిని రెండు చేతులా పట్టుకుని మొహం మీదికి లాగితే పేలుతుంది. ఎవరి సీటు వాళ్ళే పేల్చుకోవాలి. వెనకవాడు కూర్చునేది చీకటి గూట్లో. అతనికి బయట ఏం జరుగుతోందో కనపడదు. పైలట్ మైకులో "దూకు" అంటేనే దూకాలని తెలిసేది.

ఓడ మీద ఉన్నప్పుడు ఆ సీట్లు పొరపాటున పేలకుండా పిన్నులు గుచ్చి ఉంచుతారు. జాకెట్లకి పెట్టుకునే పిన్నీసులు కావివి. వేలెడేసి ఉక్కు పిన్నులు, ఒక్కోదానికి ఎర్రగుడ్డ తోక. బయల్దేరే ముందు మెకానిక్ వాటిని పీకి, దిగివచ్చి, విమానం పక్కన నిలబడి పైకెత్తి చూపించాలి. ముందు సీటు గుత్తి ఒకసారి, వెనక సీటు గుత్తి ఒకసారి. ఆ హోరులో మాట వినపడదు కాబట్టి పైలట్ కళ్ళతో లెక్కపెట్టుకుని బొటనవేలు ఎత్తుతాడు. అప్పుడే విమానం కదులుతుంది. తిరిగొచ్చాక ఆ పిన్నులు మళ్ళీ గుచ్చేస్తారు. తిరిగి రాకపోతే అవి మెకానిక్ జేబులోనే ఉండిపోతాయి.

ఆ రోజు విమానం శత్రువుల రేవు మీద బాంబులు వేసి, ఒక రెక్క తగలబడుతూ వచ్చింది. ఓడ కనుచూపు మేరలో ఉండగానే పక్కకి ఒరిగింది. డెక్కు అంచున నిలబడ్డ మేస్త్రి చూస్తుండగా ఒక సీటు పైకి లేచింది. ఒక పారాచూట్ విచ్చుకుంది. రెండోదాని కోసం అతను కళ్ళు కాయలు కాసేలా చూశాడు. విమానం మునిగింది. నీళ్ళ మీద కాసేపు నూనె తేలి, అదీ చెదిరిపోయింది.

విచారణలో పైలట్ నడుము విరిగి, స్ట్రెచర్ మీద పడుకునే సాక్ష్యం చెప్పాడు. దూకమని గొంతు చించుకుని అరిచానన్నాడు. పొద్దున ముందు గుత్తి చూశాను గానీ వెనక గుత్తి చూసినట్టు గుర్తులేదన్నాడు. తొందరలో వేలెత్తేశానేమో, ఆ మేరకు తప్పు నాదేనన్నాడు. అంత పెద్ద మనిషి ఆ కాస్త తప్పు నెత్తినేసుకున్నందుకు అందరూ ఆయన్ని తెగ మెచ్చుకున్నారు. మేస్త్రి రెండు గుత్తులూ తీసి బల్ల మీద పెట్టాడు. ఇవన్నీ ఒక్కలాంటివే కదయ్యా, స్టోర్లో బకెట్ల కొద్దీ ఉన్నాయి, అన్నాడొక అధికారి. చివరికి తేల్చలేమని రాసి చేతులు దులుపుకున్నారు. ఓడ మీది నోళ్ళు మాత్రం, మేస్త్రి వెనక పిన్నులు పీకడం మర్చిపోయాడని, అన్నం తినే లోపల తేల్చేశాయి. మేస్త్రిని డెక్కు మీంచి దించి, యుద్ధం అయ్యేదాకా రంగు డబ్బాల గదిలో కూర్చోబెట్టారు.

విచారణలో అతను చెప్పనిది ఒకటుంది. ఆ పొద్దున బావ ఎక్కుతుంటే బూటు తగిలి, వెనక సీటు పిన్ను ఒకదాని ఎర్రతోక ఊడిపోయింది. తోక లేని పిన్ను వాడకూడదు. కొత్తది తెచ్చే వ్యవధి లేదు. మేస్త్రి తన పసుపు బనీను అంచు నుంచి దారం లాగి దానికి కట్టేశాడు. విచారణ రోజున, ఉన్న తప్పు చాలదా, ఇదొకటా అని భయపడి, ఆ పిన్ను మేజోడులో దాచేసి స్టోర్లోంచి తోక ఉన్నది తెచ్చి గుత్తిలో కలిపాడు. భయపడ్డ మనిషి చేసే తెలివితక్కువ పని అది. సెలవు మీద ఇంటికెళ్ళి అక్కకి ఒక్కదానికే చెప్పుకున్నాడు, దారం కట్టిన పిన్ను అరచేతిలో పెట్టి. అక్క దానికేసి చూడను కూడా లేదు.

"ఒకటి మార్చినవాడివి, అన్నీ మార్చలేవా?" అంది. తలుపేసుకుంది. అంతే.

ఆ తర్వాత పైలట్ ఆమెకి నేవీ వాళ్ళ ఆసుపత్రిలో ఆయా పని ఇప్పించాడు. ఉండడానికి గది ఇప్పించాడు. జ్వరమొస్తే మందులు తెచ్చి చూసి వెళ్ళేవాడు. తోడబుట్టినవాడు పసుపు కుంకాలు తుడిచేస్తే, ఏమీ కాని వాడు కూడు పెట్టాడని అక్క అనేదట. ఆ మాట వాళ్ళనోటా వీళ్ళనోటా మేస్త్రి దాకా వచ్చింది. ఆ రోజు అతను అన్నం తినలేదు.

ఆసుపత్రి గదిలో ఫినాయిలు వాసన. కిటికీకి ఇనప జాలీ. అక్క నెరిసిపోయింది, కానీ నిలబడే తీరు అదే, నడుం మీద చెయ్యేసుకుని. "వచ్చారా," అని పక్కకి తప్పుకుంది.

మంచం మీద ఎముకల పోగు. చేతులకి మెత్తటి పట్టీలు కట్టేసి ఉన్నాయి. గొట్టాలు పీకెయ్యమని గొడవ చేస్తున్నాడనుకుని డాక్టర్లు కట్టించారట. అక్క పట్టీలు విప్పింది. విప్పడమే ఆలస్యం, కుడి చేతి రెండు వేళ్ళు ఎడమ పిడికిట్లోకి దూరి, బయటికి లాగాయి. మళ్ళీ దూరి, లాగాయి. కళ్ళు మాత్రం మంచానికి ఎడమ పక్క ఎవరినో వెతుకుతున్నాయి.

"పిన్నులు అడుగుతున్నాడు," అన్నాడు మేస్త్రి.

"ఏ పిన్నులు?" అని అడగబోయి అక్క ఆగిపోయింది.

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. అడగనీ, కొట్టుకోనీ, ఇంకో నెల రోజులు ఇలాగే కొట్టుకోనీ అనిపించింది. తనకి అక్కని లేకుండా చేసిన మనిషి ఇప్పుడు తన చేతి మీదుగానే సుఖంగా పోవాలా? వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకున్నాడు.

"మీ దగ్గరుంటే చూపించండి," అంది అక్క నేలకేసి చూస్తూ. "ఈ అవస్థ నేను చూడలేకపోతున్నాను."

ఆమె నోరు తెరిచి అడిగింది కాబట్టి మేస్త్రి వెళ్ళి మంచానికి ఎడమ పక్క నిలబడ్డాడు. కాళ్ళు వాటంతట అవే ఎడంగా జరిగాయి, డెక్కు మీద గాలికి పడిపోకుండా నిలబడ్డట్టు. ముందు గుత్తి పైకెత్తాడు. పైలట్ కళ్ళలోకి తెలివొచ్చింది. వేలు గాల్లో ఒక్కో తోకా లెక్కపెట్టింది. తల ఆడింది. కానీ బొటనవేలు లేవలేదు. అది భుజం మీంచి వెనక్కి చూపించింది.

మేస్త్రి రెండో గుత్తి ఎత్తాడు. దాచిన పిన్నుని ఎప్పుడో మళ్ళీ అందులోకే చేర్చాడు. ముప్ఫై ఏళ్ళ జిడ్డుకి ఆ దారం నల్లబడి, పిన్నుకి చుట్టుకుపోయి, ఉందో లేదో తెలియకుండా ఉంది. వేలు లెక్కపెడుతూ వచ్చి అక్కడ ఆగింది. పైలట్ నొసలు చిట్లించాడు. మూడు రోజులుగా రాని గొంతు అప్పుడొచ్చింది.

"తోకేదిరా దానికి?" అన్నాడు. కాసేపు చూశాడు. "పసుపు దారం కట్టావా. సరే, పోనీ."

బొటనవేలు లేచింది.

మేస్త్రి ఎత్తిన చెయ్యి దించడం మర్చిపోయాడు. మెల్లగా అక్క వైపు తిరిగాడు. "ఈయనకి నువ్వు చెప్పావా?"

అక్క తల అడ్డంగా ఊపింది. మేస్త్రి దగ్గరకొచ్చి, ఆ నల్లటి దారాన్ని గోటితో గీకింది. లోపల పసుపు ఇంకా ఉంది. ఆ పొద్దున డెక్కు మీద చూస్తే తప్ప ఆ రంగు ఆ పెద్దమనిషికి తెలిసే దారి లేదు. చూశాడు, లెక్కపెట్టాడు, వేలెత్తాడు. అయినా చూడలేదని చెప్పాడు. అలా ఎందుకు చెప్పాల్సి వచ్చిందో అక్కకి ఇంకా అర్థం కాలేదు. అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు.

పైలట్ భుజాలు దిండుకి అదుముకుపోయాయి. ఓడ మీంచి విమానాన్ని గులేరులా విసిరినప్పుడు మనిషి అలాగే సీటుకి అతుక్కుపోతాడు. తర్వాత కొంతసేపు మొహం ప్రశాంతంగా ఉంది. ఉన్నట్టుండి దవడ బిగిసింది. కళ్ళు ఒక పక్కకే చూడసాగాయి, రెక్క ఉండే పక్కకి. రెండు చేతులూ లేచి తలపైన మంచం కడ్డీని పట్టుకున్నాయి.

అక్క ఒక్క ఉదుటున మంచం మీదికి వంగింది.

"చెప్పండి అన్నయ్యగారూ," అంది. "ఆయనకి చెప్పండి. దూకమనండి."

ఆమె చెవి ఆయన నోటికి ఆనించి ఉంది. పెదవులు కదల్లేదు. పళ్ళు ఒకదాని మీదొకటి బిగిసి ఉన్నాయి.

"వెనక ఆయనున్నారు. ఒక్క మాట చెప్పండి."

చేతులు కడ్డీని వదిలి, పిడి లాగినట్టు మొహం మీదుగా కిందికి జారాయి. గుండెల మీద పడ్డాయి. ఆ నోటి నుంచి ఊపిరి తప్ప ఇంకేమీ రాలేదు. కాసేపటికి అదీ ఆగింది.

అక్క చాలాసేపు అలా వంగే ఉంది. తర్వాత నిటారుగా నిలబడి, డాక్టర్ని పిలవడానికి గంట నొక్కింది. కళ్ళు మూయించడం ఆమె పని. ఎన్ని వందల మందికో చేసింది. ఆ రోజు నర్సమ్మని చెయ్యమని చెప్పి బయటికి వచ్చేసింది.

మేస్త్రి ముందు గుత్తిని మంచం మీద వదిలేశాడు. ప్రాణాలతో తిరిగొచ్చినవాడి పిన్నులు తన దగ్గరెందుకు?

అక్క వరండాలో బల్ల మీద కూర్చుంది. మేస్త్రి పక్కన కూర్చుని వెనక గుత్తి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె ఏదో అంది. ఎడమ పక్కన ఉండడంతో అతనికి వినపడలేదు. రెండోసారీ వినపడలేదు. అక్క తమ్ముడి మొహంలోకి చూసి, లేచి, చుట్టూ తిరిగొచ్చి కుడి పక్కన కూర్చుంది.

"ఎప్పట్నించి రా ఈ చెవుడు?"

"ఓడ మీదే."

"నాకు తెలీదు," అంది. తెలుసుకోలేదు, అని మళ్ళీ తనే దిద్దుకుంది. తోక లేని పిన్నుని బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది. క్షమించమని అడగలేదు. ఆమెకి ఇప్పుడు పోయింది ఒకరు కాదు. మొగుడు రెండోసారి పోయాడు, ముప్ఫై ఏళ్ళు అన్నం పెట్టినవాడు పోయాడు, ఆ ముప్ఫై ఏళ్ళూ పోయాయి.

"ఒరే చిన్నా."

"ఊఁ."

"ఆఖర్న బెల్టు బిగించింది నువ్వే కదా. అప్పుడేమన్నాడురా?"

ఆ ప్రశ్న కోసం మేస్త్రి ముప్ఫై ఏళ్ళు ఎదురు చూశాడు. జవాబు ఒక్క అక్షరం పోకుండా దాచి ఉంచుకున్నాడు.

"'మెల్లగా బిగించరా బావమరిదీ, మీ అక్క కూడా నన్నెప్పుడూ ఇంత గట్టిగా పట్టుకోలేదు' అన్నాడు."

అక్క పిన్నుల గుత్తి పిడికిట్లో బిగించింది.

"అబద్ధాలకోరు," అంది. "రేవు గేటు దగ్గర కాపలావాడు కసిరితే గానీ వదల్లేదు నేను."