చొక్కాతో వచ్చిన దుమ్ము

బ్యాటరీ మేస్త్రికి పనన్నా పిచ్చి, కూతురన్నా పిచ్చి. షాపులో పాత బ్యాటరీలు విప్పి, లోపలి సీసం పలకలు తీసి, కొత్తవి అతికించి వాటికి మళ్లీ ప్రాణం పోసేవాడు. సాయంత్రం ఇంటికి రాగానే గుమ్మంలోనే చొక్కా విప్పి దులిపేవాడు. ఆలోగా అప్పుడప్పుడే నడక నేర్చిన కూతురు తప్పటడుగులతో వచ్చి కాళ్లకు చుట్టుకునేది. అలాగే ఎత్తుకుని ముద్దాడేవాడు. ఆ పిల్లకేమో నేల మీద వేలు రాసి, ఆ వేలు చప్పరించడం మహా సరదా.

పిల్ల సరిగా తినడం లేదని భార్య డాక్టరమ్మకు చూపించింది. రక్తపరీక్ష చేయించాక డాక్టరమ్మ ఇద్దరినీ పిలిపించింది.

"పాపకి ఒంట్లో సీసం కాస్త ఎక్కువుంది. మీరేం పని చేస్తారు?"

మేస్త్రి చెప్పాడు.

"అయితే అది మీతోనే ఇంటికొస్తోంది. బట్టలకీ, జుట్టుకీ, చెప్పులకీ అంటుకుని వచ్చి నేల మీద దుమ్ములో కలుస్తోంది. పాప దాన్నే నాకుతోంది."

మేస్త్రి తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "నా చేతులతో నేనే పెట్టానా మేడం?" అన్నాడు.

"తెలియక జరిగింది. తొందరగానే బయటపడింది, అదే నయం. సీసం ఇంట్లోకి రాకుండా ఆపండి, ఒంట్లోది మెల్లగా దిగుతుంది. షాపులోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని రండి. ఆ బట్టలు ఇంటి బట్టల్లో కలపొద్దు. తిండికి ముందు పాప చేతులు కడగండి. చీపురుతో ఊడవొద్దు, తడిగుడ్డతో తుడవండి."

చివరి మాట విని ఇంట్లో మేస్త్రి తల్లి మూతి ముడిచింది. "నడుం పడిపోయేలా రోజూ ఊడుస్తున్నాను కదరా!"

"ఊడిస్తే సన్నదుమ్ము గాల్లోకి లేచి, మళ్లీ అక్కడే దిగుతుందట అత్తయ్యా," అంది కోడలు.

"అంటే ఇన్నాళ్లూ నేను దుమ్ముని షికారు తిప్పానన్నమాట!"

పొద్దుటినుంచి మొహం వేలాడేసుకున్న మేస్త్రి కూడా ఫక్కున నవ్వాడు. ఆవిడ అప్పటికప్పుడే కొంగు బిగించి బకెట్, గుడ్డ పుచ్చుకుని మంచాల కిందికి దూరింది.

షాపు వెనక ఒక కుళాయి ఉంది. యజమానిని అడిగి, చుట్టూ రేకులు కట్టి దాన్ని స్నానాలగది చేశాడు మేస్త్రి. మర్నాడు తల రుద్దుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, వేరే చెప్పులతో ఇంటికొచ్చాడు. కూతురు ఎగాదిగా చూసి, పెదవి విరిచి, నాయనమ్మ చాటుకి పోయింది.

"ఎవరు కావాలి బాబూ? మా అబ్బాయి ఇంకా రాలేదు," అంది తల్లి.

"పెళ్లినాడు కూడా ఇంత తళతళలాడలేదు మీరు," అంది భార్య.

మేస్త్రి నేల మీద చతికిలబడి చేతులు చాచాడు. పిల్ల జంకుతూ వచ్చి మీసం పట్టుకుని గుంజింది. అది ఊడి రాకపోయేసరికి నాన్నేనని ఒప్పుకుని ఒళ్లోకెక్కింది.

కొన్నాళ్లకు మళ్లీ రక్తపరీక్ష చేస్తే సీసం బాగా దిగింది. "ఇలాగే కానివ్వండి, మానొద్దు," అంది డాక్టరమ్మ. ఆ కబురు విన్న షాపువాళ్లంతా కుళాయికి ఎగబడ్డారు. సాయంత్రమైతే అక్కడ తోపులాటే.

"నీకేంరా, పెళ్లా పెటాకులా! తర్వాత చెయ్యి. ఇంట్లో నాకోసం చూస్తుంటారు," అంటూ మేస్త్రి షాపులోని కుర్ర వెల్డర్‌ని తోసుకుని సబ్బుతో ముందుకు దూరబోయాడు.

"ఇలా మసిబొగ్గులా తిరిగితే నాకు పిల్లనెవరిస్తారు అన్నా? ముందు నన్ను చెయ్యనీ!" అన్నాడు వెల్డర్, అప్పటికే నెత్తిన చెంబుడు నీళ్లు గుమ్మరించుకుంటూ.