తొక్కి చూడనిదే గడప దాటదు

సైకిళ్ళ మావయ్య కొట్లో ఒక రూలుంది. బాగుచేసిన బండిని ఎవరో ఒకరు ఎక్కి, వీధి చివర లైబ్రరీ వెనకున్న వాలు దిగి, బ్రేకు పట్టి చూసి, చుట్టూ తిరిగి రావాలి. రాగానే రెండుసార్లు బెల్లు కొట్టాలి. "తొక్కి చూడనిదే బండి గడప దాటదు" అని గోడ మీద ఎర్ర రంగుతో రాసిపెట్టాడు మహానుభావుడు. పక్కనే ఒక నల్లబల్ల. బాగుచేశాక అదే జబ్బుతో తిరిగొచ్చిన బళ్ళకి దాని మీద సుద్దముక్కతో గీతలు గీస్తాడు, ఎవరి పేరు కింద వాళ్ళవి. మావయ్య పేరు కింద పద్నాలుగు గీతలున్నాయి. పద్నాలుగూ తొక్కినవాళ్ళ తప్పేనంటాడు, అది వేరే సంగతి.

ఆయన మేనకోడలికి పదహారేళ్ళు. వీధి వీధంతా ఆ పిల్లని బిగింపు అంటారు. ఏ నట్టయినా మూడుసార్లు బిగిస్తుంది మరి! ఒకసారి బిగించి, వెళ్ళి చేతులు తుడుచుకుని, మళ్ళీ వచ్చి బిగించి, బండి ఇచ్చేముందు ఇంకోసారి. బండి కోసం వచ్చినవాళ్ళు "ఒకటీ, రెండూ, మూడూ" అని పైకే లెక్కపెట్టి నవ్వుతారు. బిగింపూ నవ్వుతుంది. ఆ నవ్వు వెనక ఏముందో ఇంట్లోవాళ్ళకే తెలుసు.

కిందటేడు చెల్లి బండికి బ్రేకు తీగ వేసింది బిగింపే. ఒక్కసారి బిగించి, భలే వేశాననుకుని, చెల్లిని కారియర్ మీద కూర్చోబెట్టుకుని వాలు దిగింది. సగం దిగేసరికి తీగ జారిపోయింది. ఎదురుగా గోడ. తనకి మోచేతులు చెక్కుకుపోయి ఊరుకుంది గానీ, చెల్లి కాలు రెండు నెలలు కట్టులో ఉంది. ఆ పిల్ల ఇప్పుడు తాడాట ఆడుతుంది, మెట్లు రెండేసి దూకుతుంది, ఆ సంగతే మర్చిపోయింది. మర్చిపోనిది అక్కే. ఆ రోజు నుంచి సైకిలెక్కలేదు, ఆ వాలు వైపు కన్నెత్తి చూడలేదు. నాలుగు నెలలు స్పానరే ముట్టలేదు. తన చేతులంటే తనకే భయం.

ఆ చేతులతో మళ్ళీ స్పానరు పట్టించింది కోతలరాణి. ఇద్దరిదీ ఒకే తరగతి, ఒకే బెంచీ. కోతలరాణి కొయ్యని కోత లేదు. బకెట్లో కాళ్ళు పెడితే ఈత వచ్చేసిందంటుంది. మావయ్యకి మోకాళ్ళు పట్టేసి బండి తొక్కడం మానేశాక, "నువ్వు బిగించవే, నేను తొక్కి చూస్తా. నేనెక్కితే గాలి కూడా పక్కకి తప్పుకుని దారిస్తుంది" అని కొట్లో దిగిపోయింది.

అలా ఏడు నెలలు. నలభై మూడు బళ్ళు. ప్రతిసారీ బండిని నడిపించుకుంటూ మలుపు దాటుతుంది ("రద్దీలో ఎక్కకూడదు, పద్ధతులుంటాయి"). పావుగంటకి ఒక పెడల్ మీద నిలబడి మహారాణిలా జారుకుంటూ వస్తుంది, నుదుటి మీద చెమటతో. రెండు బెల్లులు. అవి వినిపించాకే బిగింపుకి ఊపిరాడేది.

ఆ రోజు మధ్యాహ్నం చెల్లి తన బండి తోసుకుంటూ వచ్చింది.

"అక్కా, రేపు మా బడి పిల్లలందరం సైకిళ్ళ మీద చెరువు దాకా వెళ్తున్నాం. బ్రేకు వదులైంది. నువ్వే బిగించాలి."

"మావయ్య బిగిస్తాడులే."

"ఆయనకి పద్నాలుగు గీతలు! నాకు నువ్వే కావాలి."

ఇక తప్పలేదు. బిగింపు కొత్త తీగ వేసింది. ఒకటి. రెండు. మూడు. నాలుగోసారి కూడా బిగించబోతుంటే మావయ్య స్పానరు లాక్కున్నాడు. "నట్టు కాదే, నీ పిచ్చి ముదురుతోంది."

కోతలరాణి హ్యాండిల్ పట్టుకుంది. "ఇదిగో, ఇట్టే వచ్చేస్తా."

"ఉండు. ఇది చెల్లి బండి," అంది బిగింపు. "నేనూ వస్తా. ఆ వాలు మీద నువ్వు బ్రేకు పడుతుంటే కళ్ళారా చూస్తా."

కోతలరాణి మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. "ఎందుకే శ్రమ! అసలు నాకివాళ కడుపులో నొప్పి. చెప్పు కూడా తెగేలా ఉంది. రేపు చూద్దామా?"

"రేపు పొద్దున్నే దాని ప్రయాణం. పద."

ఇద్దరూ లైబ్రరీ వెనక్కి వచ్చారు. వాలు సగంలో ఉన్న బల్ల మీద బిగింపు కూర్చుంది. బల్ల చుట్టూ వేరుశనక్కాయల తొక్కలు, కుప్పలు కుప్పలు. పక్కన ఒక కుళాయి.

"ఎక్కవే," అంది.

కోతలరాణి బండి వైపు చూసింది, వాలు వైపు చూసింది, తొక్కల వైపు చూసింది. గబుక్కున ఏడ్చేసింది.

"నాకు తొక్కడం రాదే!"

"ఏంటీ?"

"రాదు. ఎప్పుడూ రాదు. ఒక పెడల్ మీద నిలబడ్డం ఒక్కటే వచ్చు. ఇక్కడ కూర్చుని శనక్కాయలు తిని, ఆ కుళాయి దగ్గర మొహం తడుపుకుని వచ్చేదాన్ని."

బిగింపు లేచింది చూడండీ, అంత కోపం ఆ పిల్లకి పుట్టి బుద్ధెరిగాక రాలేదు. "దొంగమొహమా! నలభై మూడు బళ్ళు! ఏ ఒక్క బ్రేకు జారినా? ఎవరి కాలో, ఎవరి ప్రాణమో..."

"మొదటి పదీ పక్కన పరుగెత్తుతూ బ్రేకు పట్టి చూశానే, ఒట్టు! ప్రతిదీ ఠక్కున ఆగింది. ఆ తర్వాత చూడ్డం మానేశా."

"ఎందుకు మానేశావు?"

"ఎందుకేంటి? బిగించింది నువ్వు కదా!" ముక్కు చీదుకుంటూనే అరిచింది కోతలరాణి. "బెల్లు వినగానే నీ మొహం వెలిగేది. రాదని చెబితే మళ్ళీ స్పానరు పారేస్తావని భయమేసింది."

సరిగ్గా అప్పుడే వాలు పైనుంచి ఒక సైకిలు రయ్యిమని దిగుతోంది. ఆసుపత్రి నర్సమ్మది. ముందు బుట్టలో కూరగాయలు. పోయిన నెల దానికి రెండు బ్రేకులూ వేసింది బిగింపే. భయంతో కళ్ళు గట్టిగా మూసుకుంది. బండి వాళ్ళ ముందుకొచ్చి చప్పుడు లేకుండా ఆగింది.

"ఏడుస్తున్నారేంటమ్మా ఇద్దరూ? చున్నీ చైనులో పడిందా?" అని పలకరించి, ఏం లేదంటే నవ్వి వెళ్ళిపోయింది నర్సమ్మ.

బిగింపు అటే చూస్తూ ఉండిపోయింది. నల్లబల్ల గుర్తొచ్చింది. ఈ ఏడు నెలల్లో తన పేరు కింద ఒక్క గీత పడలేదు. ఇన్నాళ్ళూ అది కోతలరాణి తొక్కి చూడబట్టే అనుకుంది. తొక్కింది ఎవరు? ఎవరూ తొక్కలేదు. ఆ నలభై మూడూ తన చేతుల మీదే వెళ్ళాయి.

"ఒక్కటి కూడా తిరిగి రాలేదు కదే," అంది మెల్లగా.

"అదే కదా ఏడుస్తూ మొత్తుకుంటున్నాను!"

బిగింపుకి ఏడుపూ నవ్వూ కలిసి ముంచుకొచ్చాయి. చెల్లి బండి తీసుకుని సీటెక్కింది. కాలు నేల మీంచి ఎత్తింది. బండి కదిలింది. గాలి. గోడ దగ్గరవుతోంది. బ్రేకు పిడి నొక్కింది. బండి ఆగింది! గోడ ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉంది. అబ్బ, ఎంత హాయి! తోసుకుంటూ పైకొచ్చి మళ్ళీ దిగింది. మళ్ళీ పైకొచ్చింది.

"కారియర్ ఎక్కవే."

"చంపుతావా?" అంటూనే ఎక్కేసింది కోతలరాణి. దిగినంతసేపూ దాని కేకలకి లైబ్రరీ కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

కొట్టు ముందు రెండు బెల్లులు మోగాయి. మావయ్య తలెత్తాడు. ముందు ఎవరున్నారో, వెనక ఎవరున్నారో చూశాడు. తర్వాత కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. శనక్కాయల సంగతి విన్నాక మాత్రం తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. నర్సమ్మ మొదలు అందరినీ పిలిపించి, నలభై మూడు బళ్ళనీ మేనకోడలి చేతే తొక్కించి చూస్తానన్నాడు. కోతలరాణి తొక్కడం నేర్చుకునేదాకా బెల్లు ముట్టకూడదని తీర్పిచ్చాడు.

మర్నాడు పొద్దున్నే కోతలరాణి కొట్టు ముందు మూడుసార్లు పడింది. "పడలేదు, దిగాను," అంది మూడుసార్లూ. సీటు వెనక పట్టుకుని పరుగెడుతున్న బిగింపుకి నవ్వుతో ఊపిరి తిరగడం లేదు.

ఇంతలో చెల్లి వచ్చింది. "అక్కా, సీటు ఎత్తయింది. కొంచెం దించవా?"

బిగింపు సీటు దించి నట్టు బిగించింది.

"ఒకటీ..." అని చెల్లి అలవాటుగా వేలు మడిచి, మిగతా రెండింటి కోసం నిలబడింది.

బిగింపు స్పానరు జేబులో పెట్టుకుంది. "చాల్లే, ఎక్కు. ఆలస్యమవుతోంది."

చెల్లి ఎక్కింది. వీధి చివర వాలు వైపు తిరిగేదాకా వెనక్కి చూడకుండా తొక్కుకుంటూ పోయింది.